దిన్నె మీద ఉండాల్సిన బోర్డు

మా ఇంట్లో పిల్లలకు మాటలకన్నా ముందు బేరం వచ్చేది. ఆత్మకూరులో మా నాయనది కిరాణా కొట్టు. పక్కనే చిన్నాయన బట్టల దుకాణం, ఎదురుగా మేనమామ ఇనుప సామాను. గల్లాపెట్టె పక్కన గోనెసంచి మీద కూర్చుని నేను నేర్చుకున్న చదువు ఇంతే: ఎదుటివాడు అడిగినదానికి వెంటనే ఒప్పుకుంటే అమాయకుడివి, అసలే ఒప్పుకోకపోతే మూర్ఖుడివి, సగంలో తెంచితే వ్యాపారివి. ఇంజనీరింగు చదివి రోడ్ల శాఖలో చేరాక కూడా ఈ చదువే నాకు ఎక్కువ పనికొచ్చింది. కంకర కాంట్రాక్టరుతో బేరం, గట్టు జరపనన్న రైతుతో బేరం, సెలవు ఇవ్వనన్న పై అధికారితో బేరం. చాలాసార్లు గెలిచాను. గెలిచిన ప్రతిసారీ ఇంటికి పోయి మా ఆవిడకు రెండుసార్లు చెప్పుకున్నాను కూడా.

ఒకసారి గెలిచి ఒక మనిషిని పోగొట్టాను. కొత్తగా ఉద్యోగంలోకి వచ్చిన మీకు చెప్పాలనుకుంటున్నది దాని గురించే. మీ చేతుల్లో ఇప్పుడు పెద్ద పెద్ద తెరలున్నాయి, కెమెరాలున్నాయి. మాకు ఒక్క బోర్డు ఉండేది.

తొంభైల చివరి సంగతి. హైదరాబాదు నుంచి కర్నూలు వైపు పోయే జాతీయ రహదారిలో కృష్ణ దాటే వంతెన దాకా ఉన్న ముక్క నా సెక్షను. అసిస్టెంట్ ఇంజనీరు అంటే బయట గౌరవంగా వినిపిస్తుంది. లోపల చూస్తే గుంతలు పూడ్పించడం, బోల్తాపడ్డ లారీలను పక్కకు జరిపించడం, పోలీసులకూ డ్రైవర్లకూ మధ్య నిలబడి ఇద్దరి చేతా తిట్టించుకోవడం. వంతెన మీద ఏదైనా అడ్డంపడితే ఇక మా పని అయిపోయినట్టే. లారీలు మైళ్ల కొద్దీ నిలిచిపోయేవి. నిజానికి చిన్న బండ్లూ బస్సులూ వంతెనకు చాలా ముందే ఆత్మకూరు మలుపు తిరిగి, కృష్ణ మీది ప్రాజెక్టు కట్ట దాటి, గద్వాల చుట్టి మళ్లీ హైవే ఎక్కవచ్చు. లోడు లారీలను మలుపు దగ్గరే పక్కకు ఆపేస్తే సరిపోతుంది. కానీ ఈ సంగతి వచ్చేవాళ్లకు ముందుగా చెప్పేదెవరు?

అప్పుడు ఒక కంపెనీవాళ్లు నమూనాగా ఎలక్ట్రానిక్ బోర్డు ఇస్తామన్నారు. రెండు ఇనుప స్తంభాల మీద నులకమంచమంత పలక, దాని నిండా ఎర్ర దీపాల చుక్కలు. కింద తాళం వేసిన పెట్టె, అందులో మీటలు. ఏ మీట నొక్కితే ఆ మాట పైన వెలుగుతుంది. ఏం జరిగితే ఏ మాట వెలగాలి, కబురు ఎవరు ఎవరికి చెప్పాలి, ఏ మనిషి ఎక్కడ నిలబడాలి, ఈ ప్లానంతా రాసే పని నా మీద పడింది. మా పై అధికారి డి.ఈ. సారు రిటైర్మెంటుకు రెండేళ్ల దూరంలో ఉన్న నెమ్మదస్తుడు. నన్ను పిలిచి ఒకటే చెప్పాడు.

"ఆరుగురు చేసే పని బోర్డుతోని నలుగురికే అయితదని పైకి రాసిన. నా మాట పోకుండ చూడు."

మా గ్యాంగు మేస్త్రిది పెద్దమందడి. అక్కడ రెండెకరాల మెట్ట చేను, ఇక్కడ ముప్పై ఏళ్ల రోడ్డు. చేను వాన మీద ఆధారపడితే, రోడ్డు తన మీద ఆధారపడిందని ఆయన నమ్మకం. అది తప్పు నమ్మకం కూడా కాదు. ఆయన దృష్టిలో బోర్డు అంటే పచ్చికొమ్మ. దారిలో బండి ఆగిపోతే బాగా వెనక్కి నడిచి, రోడ్డు మీద కానుగ కొమ్మలు పరిచి, ఎగిరిపోకుండా రెండు రాళ్లు పెట్టడం మన దారుల్లో ఎప్పటినుంచో ఉన్న ఆచారం. పంజాబు డ్రైవరైనా తమిళ డ్రైవరైనా పచ్చికొమ్మ చూస్తే కాలు బ్రేకు మీదికి పోతుంది.

బోర్డు బొమ్మ చూపించినప్పుడు ఆయన అడిగాడు.

"గిది ఏ భాషల మాట్లాడ్తది సారూ?"

"తెలుగు, హిందీ రెండూ."

"మంచిది. సదువొచ్చిన లారీలకు పనికొస్తది."

తెలుగన్నానే గానీ, కంపెనీ మనిషి వచ్చి ఆ పెట్టెలో హిందీ ఉంది గానీ తెలుగు అక్షరాలే లేవన్నాడు. చుక్కల గళ్లలో గీసి ఇస్తే ఎక్కిస్తానన్నాడు. రెండు రోజులు ఇంట్లో కూర్చుని గీశాను. నా 'వ' వంకాయలాగా వచ్చింది. ఆఖరికి గద్వాలలో మా నాయనకు తెలిసిన ఒక మగ్గం పెద్దాయన దగ్గరికి పోయాను. చీర అంచుకు గళ్ల కాగితం మీద నమూనాలు గీయడంలో ఆయనది అందెవేసిన చెయ్యి.

"అంచు మీద హంసను కూసోబెట్టినోన్ని, నీ అచ్చరాన్ని కూసోబెట్టనా? తే గా కాయిదం" అన్నాడు. నేను రాసుకుపోయిన మాట 'వంతెన మూసివేయబడినది'. ఆయన దాన్ని ఎగాదిగా చూసి, "గిది ఎంత దూరంకెల్లి సదవాలె?" అని అడిగాడు. ఒక ఫర్లాంగు పైనే అన్నాను. "మరి గింత సన్నపని ఎందుకు బిడ్డా? చీర చేతుల పట్టుకొని చూసెటోళ్లకు సన్నపని. దూరంకెల్లి చూసెటోళ్లకు ముతకనే మేలు. మాట కూడ గట్లనే. బంద్ అను. తెలుగోనికి తెలుస్తది, తురకోనికి తెలుస్తది, సర్దార్జీకి తెలుస్తది."

'వంతెన బంద్', దాని కింద 'గద్వాల', పక్కన బాణం. ఆయన గీసిన ఆ అక్షరాలే తర్వాత వెలిగాయి. నా ఇంజనీరింగు ఒక నేతపని మనిషి ముందు ఓడిపోవడం అది మొదటిసారి. అప్పుడు హాయిగానే ఓడిపోయాను.

ఇక బోర్డు పెట్టే చోటు. మంజూరైన డ్రాయింగులో అది దిన్నె మీద ఉంది. హైదరాబాదు నుంచి వచ్చే బండి ఆ దిన్నె ఎక్కి, అటు దిగుడులో మూడు ఫర్లాంగులు పోతే ఆత్మకూరు మలుపు. దిన్నె మీద బోర్డు ఉంటే ఎక్కుతుండగానే కనిపిస్తుంది. అయితే దిన్నె మీద వరుసగా హోటళ్లు, పంచరు షాపులు. బోర్డు కనిపించాలంటే అటు వంద గజాలు, ఇటు వంద గజాలు బండి ఆపకూడదని నిబంధన. అంటే హోటళ్ల ముందు లారీ ఆగకూడదు.

హోటళ్లవాళ్లందరి తరఫున మాట్లాడిన ఆసామి మా నాయన కొట్లో ఇరవై ఏళ్లుగా సామాను తీసుకునేవాడు. నేను కాకా అని పిలిచేవాణ్ణి. కుర్చీ వేసి, చాయి ఇచ్చి, మెల్లగా మొదలుపెట్టాడు.

"బిడ్డా, నీ బోర్డుకు నేను అడ్డం కాదు. కని లారీ ఆగకుంటె నా పొయ్యి ఎవని కోసం మండాలె? మలుపు అవతల పెట్టుకో."

"మలుపు అవతల పెట్టినంక ఎవనికి చెప్పాలె కాకా, కృష్ణల చేపలకా?"

"నీకు మాటలు మీ నాయన నేర్పిండు. మరి నాకు బతుకుడు ఎవరు నేర్పాలె?"

రెండో చాయి వచ్చింది. అప్పుడు ఆయన అసలు సరుకు బయట పెట్టాడు. ఆయన హోటల్లో ఫోను ఉంది. వంతెన దగ్గరి పోలీసులు కబురు చెప్పాలంటే దగ్గర్లో ఫోను కావాలి. మా శాఖను ఫోను అడుగుతూ నేను రాసిన ఉత్తరాలు ఏ బీరువాలో నిద్రపోతున్నాయో దేవుడికే తెలుసు.

"నా ఫోను నీదనుకో. ఎప్పుడు మోగినా ఎత్తె మనిషి ఉంటడు. నీ గ్యాంగుకు కబురు చేర్చే పూచీ నాది. నువ్వు జర బోర్డు కిందికి జరుపు."

మూడో చాయికి బేరం తెగింది. దిన్నె మీద కాదు, మలుపు అవతల కాదు. దిగుడు మధ్యలో. నాకు ఫోను, వాళ్లకు లారీలు. చెయ్యి చెయ్యి కలిపాం. నేను స్కూటరు మీద పాట పాడుకుంటూ తిరిగివచ్చాను. డి.ఈ. సారు విని, "సావుకారి బిడ్డవనిపించినవ్" అని భుజం తట్టాడు. డ్రాయింగులో మార్పు తర్వాత రాసుకుందామనుకున్నాం. తర్వాత అనే రోజు మా ఆఫీసు క్యాలెండరులో ఎప్పుడూ రాలేదు.

స్తంభాలకు గుంతలు తవ్వే రోజు మేస్త్రి పలుగు నేలలో గుచ్చి, దిన్నె వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు.

"సారూ, దిన్నె ఎక్కినంకనే గదా గిది కనిపించేది?"

"కనిపిస్తది గదా మేస్త్రీ."

"కనిపిస్తది. బండి ఆగొద్దా? లోడుబండి దిగుడుల మాట వినదు. చెప్పంగనే ఆగెటందుకు అదేమన్న మీ ఆఫీసు బంట్రోతా?"

చుట్టూ ఉన్న గ్యాంగువాళ్లు నవ్వారు. నాకు ఉక్రోషం వచ్చింది.

"కాకాకు మాట ఇచ్చిన. మాట తప్పితే మా ఇంట్ల అన్నం పెట్టరు."

"మాట ఆయనకిచ్చినవ్. దిన్నెకియ్యలే గద."

ఆ తర్వాత ఆయన వాదించలేదు. కనీసం పైన ఒక మనిషినైనా ఉంచమన్నాడు. ప్లానులో నలుగురే ఉన్నారు: మీటల పెట్టె దగ్గర ఒకరు, మలుపు దగ్గర ఇద్దరు, లారీలు నిలిపే చోట ఒకరు. ఐదో మనిషిని రాస్తే డి.ఈ. సారు మాట పోతుంది. పైన మనిషి కావాల్సి వస్తే బోర్డు ఎందుకని పై ఆఫీసు అడుగుతుంది. ఆ ప్రశ్న నాకు ఇష్టం లేదు. మేస్త్రి పేరు ఎదురుగా 'మలుపు వద్ద, ఎర్రజెండాతో' అని రాసి సంతకం చేశాను.

బోర్డు రెండుసార్లు చక్కగా పనిచేసింది. ఒకసారి చెట్టు పడ్డప్పుడు, ఒకసారి వంతెన మీద మరమ్మతు జరిగినప్పుడు. రెండుసార్లూ ఎండ, బండ్లు తక్కువ. బస్సు డ్రైవర్లు నాకు చెయ్యి ఊపి పోతుంటే, ఈ రోడ్డు మీద మొదటిసారి ఒక మాట ముందుగా చెప్పినవాణ్ణి నేనే అనుకున్నాను. ముప్పై ఏళ్లుగా కొమ్మలు పరుస్తున్న మనిషి పక్కనే నిలబడి ఉండగా ఆ ఆలోచన వచ్చింది నాకు.

మూడోసారి వానాకాలం. పొద్దున్నుంచీ ముసురు. పదకొండు కావస్తుండగా వంతెన మీద పత్తి బేళ్ల లారీ అడ్డంగా బోల్తాపడింది. హోటల్లో ఫోను మోగింది. కాకా మాట నిలబెట్టుకున్నాడు. అయిదు నిమిషాల్లో కబురు చేరింది. నేను ఆ రోజు మలుపు దగ్గరే కంకర కొలతలు చూసుకుంటున్నాను. పెట్టె తాళం తీశాం. 'వంతెన బంద్' ఎర్రగా వెలిగింది. కార్లు, జీపులు బాణం చూసి తిరిగాయి. లోడు లారీలను పక్కకు ఆపడం మొదలుపెట్టాం. వాటి వరుస పెరిగి పెరిగి దిగుడు పైకి పాకింది. గంటలోపే బోర్డు దగ్గరికి వచ్చేసింది. దిన్నె మీదికి వచ్చిన బండికి బోర్డూ, బండ్ల వరుసా ఒకేసారి కనిపిస్తున్నాయి. తడిసిన రోడ్డు. ఒక లారీ బ్రేకు వేస్తే వెనక చక్రాలు పక్కకు జారి, ముందున్న దానికి జానెడు దూరంలో ఆగింది. వరుసలో చిక్కుకున్న బస్సులోంచి జనం దిగి, ఏమైందో చూడటానికి రోడ్డు మీదే నిలబడ్డారు. ఎవరు చెప్పినా వినడం లేదు.

మేస్త్రి నా వైపు ఒకసారి చూశాడు. జెండా చంకలో పెట్టుకుని, కొడవలి తీసుకుని, దిన్నె మీదికి నడవడం మొదలుపెట్టాడు.

"మేస్త్రీ, యాడికి? నీ జాగ గిక్కడ!" అని అరిచాను.

ఆయన ఆగలేదు. తిరిగి చూడకుండానే అన్నాడు.

"బోర్డు జాగల బోర్డు లేదు సారూ. నేనుంట."

"చెప్తే వినవా? దిగి రా!" అని మళ్లీ అరిచాను. ప్లాను తప్పుతోందన్న కోపం. అంతమంది ముందు నా మాట వినలేదన్న కోపం కూడా.

దిన్నె మీద కానుగ కొమ్మలు పడ్డాయి. వాటి ముందు ఆయన జెండాతో నిలబడ్డాడు. నేను కిందినుంచి చూస్తుండగానే తేడా తెలిసిపోయింది. బండ్లు దిన్నె మీదే నెమ్మదించి, పాకుతున్నట్టు దిగి వస్తున్నాయి. ఒకటిన్నర గంట అట్లా జరిగింది. ఆ ఒకటిన్నర గంటలో ఒక్కసారైనా ఇంకొకరిని పైకి పంపి ఆయనకు తోడు ఉంచుదామని నాకు తోచలేదు. ఆయన తన ఇష్టం కొద్దీ పోయాడు కదా, నిలబడనీ అనుకున్నాను.

ఒకటిన్నర కావస్తుండగా ఒక బస్సు ఆయన జెండా చూసి ఆగబోయింది. దాని వెనక బండల లోడుతో వస్తున్న లారీవాడు ఓపిక లేక కుడివైపునుంచి దాటబోయాడు. ఆ వేగంతో దిన్నె దిగితే కింద రోడ్డు మీద నిలబడ్డ జనంలోకే వస్తాడు. మేస్త్రి కొమ్మల దగ్గరనుంచి రోడ్డుకు అడ్డంగా పరుగెత్తాడు. జెండా రెండు చేతులతో ఎత్తడం నేను చూశాను. లారీ ఆయనను కొట్టి, పక్కకు మళ్లి, హోటళ్ల అవతలి గుంతలో దిగబడింది. కింద ఎవరికీ ఏమీ కాలేదు.

జీపులో వనపర్తి దవాఖానకు తీసుకుపోయాం. ఆయన అరచేతులకు కానుగ పసరు అంటుకుని ఉంది. వనపర్తి పొలిమేర చేరకముందే పోయాడు.

పదిహేను రోజులకు పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ప్లాను ప్రకారం మృతుడి స్థానం మలుపు వద్ద. దిన్నె మీద ఎవరి ఆదేశంతో ఉన్నాడు? ఆదేశం లేకపోతే విధి నిర్వహణలో మరణించినట్టు పరిగణించడం ఎలా? ఈ ప్రశ్నకు జవాబు తేలేదాకా ఆయన భార్యకు ఉద్యోగం లేదు, ఇంకేదీ లేదు. ఇంతలో డి.ఈ. సారు ఆఫీసులో ఒక వాంగ్మూలం టైపు చేయించి, ఆమె వేలిముద్ర కోసం బంట్రోతును పెద్దమందడికి పంపాడు. ఆమె వేలు పెట్టనంది. ఎందుకని అడిగితే, "గా సారు వచ్చి సదివితేనే పెడత" అందట. గా సారంటే నేను.

పోయాను. ఆమె గడప మీద కూర్చుని ఉంది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. బంట్రోతు వదిలిపోయిన కాగితం నా చేతికిచ్చింది.

"సదువు సారూ."

చదివాను. "నా భర్త పై అధికారుల ఆదేశము లేకుండా, వారించినను వినక, తన ఇష్టానుసారము ఆ ప్రదేశమునకు వెళ్లినాడు."

"గిది నిజమేనా?"

"నిజమే అమ్మా. నేను వద్దని మొత్తుకున్న. కని..."

"కని ఏంది?"

చెప్పాను. దిన్నె, డ్రాయింగు, కాకా ఫోను, మూడు చాయిలు, ఆయన అడిగిన ఐదో మనిషి, నేను రాయని ఐదో మనిషి. ఎవరికీ చెప్పనివన్నీ ఆ గడప దగ్గర నిలబడి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె కాగితాన్ని నా చేతిలోనుంచి తీసుకుని, చదవడం రాకపోయినా పైనుంచి కిందిదాకా వేలుతో తడిమింది.

"మరి గా 'కని' గిందుల యాడుంది?"

లేదన్నాను.

"ఆయన తాగి రోడ్డెక్కిండని ఊర్ల అనుకుంటుండ్రు. ముప్పయ్యేండ్ల నౌకరి జేసినోడు జెప్పిన మాట ఇనలేదని నేను ఏలు పెట్టాల్నా? నువ్వు రాయి సారూ. ఉన్నది ఉన్నట్టు రాయి. అప్పుడు పెడత."

తిరిగివచ్చి డి.ఈ. సారుకు చెప్పాను, బోర్డు జరిపిన సంగతి రాస్తానని. ఆయన తలుపు దగ్గరగా వేయించాడు.

"రాస్తె నీ కొలువు మీదికి వస్తది. నా పెన్షన్ మీదికి వస్తది. మేస్త్రి లేచి వస్తడా? ఒక పని చెయ్యి. నువ్వే నోటిమాటగ పైకి పంపినట్టు రాయి. డ్యూటీ మీద పోయినట్టయితది, ఆమెకు కొలువు వస్తది. బోర్డు మాట ఎత్తకు. అందరికీ నిమ్మళం."

ఎంత మంచి బేరం! మీకు నవ్వు రావచ్చు గానీ, ఆ పూట నేను దాన్ని సరుకు తూచినట్టు తూచాను. ఆమెకు కావాల్సింది దొరుకుతుంది. నాకు పోయేది ఏమీ లేదు. ఇద్దరికీ సగం సగం. కాగితం తీసి మొదటి వరుస రాశాను కూడా: 'నా మౌఖిక ఆదేశము మేరకు...' అక్కడ కలం ఆగింది. నీతి గుర్తొచ్చి కాదు. లెక్క కుదరక. నేనే పంపానని రాస్తే బోర్డు ఉన్నచోటే ఉంటుంది. ప్లాను సరిగ్గానే ఉన్నట్టు. రేపు వంతెన మళ్లీ మూస్తారు. బోర్డు దిగుడు మధ్యలో వెలుగుతుంది. అప్పుడు దిన్నె మీదికి నడిచే మనిషి ఉంటాడో లేదో, ఉంటే మళ్లీ ఏ కాగితం టైపు చేస్తారో. సగం రాస్తే ఆ మిగిలిన సగం ఎవరో ఒకరి మీద పడుతుంది.

ఆ కాగితం చింపి, అంతా రాశాను. బోర్డు చోటు మార్చింది నేనని, ఎందుకు మార్చానో కూడా. మేస్త్రి ముందే హెచ్చరించాడని. డ్రాయింగులో బోర్డు చేయాల్సిన పనిని ఆయన తన ఒంటితో చేశాడని. దిగి రమ్మన్న నా ఆదేశమే తప్పని. ఏడు పేజీలైంది. డి.ఈ. సారు చదివి, కళ్లద్దాలు తీసి, చాలాసేపు తుడుచుకున్నాడు. ఆపుతాడనుకున్నాను. ఆపలేదు. 'పరిశీలించి పంపడమైనది' అని రాసి సంతకం పెట్టాడు. ఆ సంతకం ఆయనకు సులువు కాదని నాకు తెలుసు.

విచారణ చాలా నెలలు సాగింది. కాకాను పిలిచి అడిగితే, "మాకేం తెల్వదు, ఆఫీసరోళ్లు యాడ పెట్టాల్నో ఆడ పెట్టిండ్రు" అన్నాడు. గల్లాపెట్టె వెనక కూర్చుని ఉంటే నేనైనా అదే అనేవాణ్ణి. విచారణకు వచ్చిన పెద్ద ఇంజనీరు కుర్చీలో కూర్చోలేదు. వానలో దిన్నె ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కాడు. "ఆ మనిషి ఉన్న చోటే సరైన చోటు" అని మాత్రం అన్నాడు.

తీర్పు వచ్చింది. మేస్త్రి విధి నిర్వహణలోనే చనిపోయాడు. భార్యకు గ్యాంగులో కొలువు. బోర్డును డ్రాయింగులో ఉన్నట్టు దిన్నె మీదికి మార్చాలి. నాకు ఇంక్రిమెంట్ల కోత, నాగర్‌కర్నూలు స్టోర్సుకు బదిలీ. అక్కడ పదేళ్లు తారు డ్రమ్ములతో కాపురం చేశాను. వాటితో బేరాలుండవు. డి.ఈ. సారు పెన్షను కొన్నాళ్లు ఆగి వచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

బదిలీ మీద పోయేముందు కొత్త ప్లాను రాసి గ్యాంగుకు చదివి వినిపించి, అందరి సంతకాలూ వేలిముద్రలూ తీసుకోవాలి. అప్పటికి ఆమె కొలువులో చేరి వారమైంది. గ్యాంగు మధ్యలో తట్ట బోర్లించుకుని దాని మీద కూర్చుంది. నేను చదువుతున్నాను: బోర్డు ఇక్కడ, మలుపు దగ్గర ఇద్దరు, దిన్నెకు ఇటువైపు ఇద్దరు మనుషులు ఎర్రజెండాలతో, కొమ్మలు దిన్నెకు నూటయాభై అడుగుల ముందు...

"గా నూటయాభై ఎవరు కొలిచిండ్రు?" అంది.

"నేనే."

"నడిచి కొలిచినవా, కాయిదం మీద కొలిచినవా?"

నడిచే కొలిచాను. అదే చెప్పాను.

"పా. ఇంకొకసారి కొలుద్దం."

దిన్నె మీదినుంచి వెనక్కి ఇద్దరం నడిచాం. గ్యాంగు వెనకాల వచ్చింది. నేను ముందే సున్నంతో పెట్టుకున్న గుర్తు దగ్గర ఆగాను. ఆమె ఆగలేదు. ఎదురుగా వస్తున్న లారీలను చూస్తూ, ఒక్కో లారీ దిన్నె ఎక్కేటప్పుడు ఇంజను గొంతు ఎక్కడ మారుతోందో వింటూ నడిచింది. ఒకచోట నిలబడి, చుట్టూ చూసి, రోడ్డు పక్కనుంచి రెండు చేతులకు నిండుగా ఉన్న రాయి తెచ్చి పెట్టింది. నా గుర్తుకు ఆ రాయి చాలా వెనక.

"ఈడ" అంది.

నేను టేపు తీసి రాయి దాకా కొలిచాను. ప్లానులో నా అంకె కొట్టేసి ఆమె అంకె రాశాను. అప్పుడు వేలు పెట్టింది.